తాడు పట్టేవాడు

మా ఊరి బావిలో ప్రతి ఎండాకాలం పూడిక తీసేవారు. రాజాం పక్కన చిన్న ఊరు మాది. బావిలోకి దిగే మనిషి ముందు లాంతరు దించి చూసేవాడు. దీపం ఆరిపోతే ఆ రోజుకి పని లేనట్టే. ఆరకపోతే నడుముకి మోకు బిగించుకునేవాడు. మోకు రెండో కొస ఎవరు పట్టాలన్నదానికి అతని దగ్గర ఒకటే లెక్క: పెళ్లాం తమ్ముడు. ఊళ్లో కండగల మనుషులు ఎందరున్నా ఆ బక్కపలచని బావమరిది వచ్చేదాకా గట్టు మీద కూర్చుని చుట్ట కాల్చేవాడే తప్ప అడుగు కిందికి వేసేవాడు కాదు. ఎందుకని అడిగితే ఒకసారి నాతో అన్నాడు: "ఈడి సేతిలో ఉన్నది మోకు కాదు బాబూ, ఆల అప్ప పుస్తెలతాడు."

అప్పుడు నాకు పదేళ్లుంటాయి. నలభయ్యారేళ్ల వయసులో, ఓడరేవు ఉద్యోగంలో కంప్రెసర్ల మధ్య సగం జీవితం గడిచిపోయాక, వీపున సిలిండర్ కట్టుకుని నీళ్లలో మునగడం మొదలుపెట్టాను. మొదటి రోజు పాఠంలోనే చెప్పారు: ఒంటరిగా మునగరాదు, పక్కన బడ్డీ ఉండి తీరాలి. ఆ మాట వినగానే మా ఊరి బావి గుర్తొచ్చింది. ఈ నియమం ఎక్కణ్ణుంచి వచ్చిందో, ఎవరు పెట్టారో, ఎవరు తప్పారో అప్పట్నుంచీ వెతుక్కుంటూనే ఉన్నాను.

వెనక్కి వెళ్తే, ముత్యాల కథ ఎక్కడ చదివినా తాడు పట్టేవాడు కనబడతాడు. తూత్తుకూడి తీరంలో మునిగేవాళ్లు బరువైన రాతి మీద పాదం ఆనించి కిందికి దిగేవారు. ఒక రాయికి ఇద్దరు మనుషులు. ఒకడు అడుగున చిప్పలు ఏరుతుంటే రెండోవాడు పడవ పక్కన ఊపిరి కూడదీసుకునేవాడు. పైన తాళ్లు చూసే మనిషి వేరే. ఒక్కో మునక నిమిషం అటూ ఇటూ. అక్కడ కూడా తాడు బావమరిది చేతికే ఇవ్వాలని చెప్పుకుంటారని తెలిసినప్పుడు నాకు నవ్వొచ్చింది. మా బావి మనిషి సముద్రం చూసి ఉండడు, తూత్తుకూడి పేరు విని ఉండడు. ప్రాణభయం ఎక్కడైనా ఒకేలా లెక్కలు వేస్తుందేమో. సొరచేపల నోరు కట్టే మంత్రగాళ్లు కూడా ఆ పడవల వెంట ఉండేవారు. వాళ్లకి రాబడిలో ఇరవయ్యో వంతు ముట్టేదని మార్కో పోలో రాశాడు. మంత్రం సంగతి నాకు తెలీదు. తాడు పట్టినవాడి కూలి మాత్రం న్యాయమైన కూలి.

గల్ఫ్‌లో ఈ జంటకి పేర్లున్నాయి. మునిగేవాడు ఘవ్వాస్, లాగేవాడు సైబ్. ఊపిరి అయిపోతుండగా ఘవ్వాస్ తాడు కదిపితే సైబ్ లాగాలి. తనంతట తాను ఈదుకుని పైకి రావడం ఆ పనిలో లేదు. వాటాల్లో మునిగేవాడికే కాస్త ఎక్కువ, లాగేవాడికి తక్కువ. పత్తర్‌గట్టీ దుకాణాల్లో బస్రా ముత్యమని మురిపెంగా చూపించేది ఆ నీళ్లలో పుట్టిన సరుకే. నిజాముల హారాల్లో ఒక్కో ముత్యం వెనక ఒక మునిగిన మనిషి, ఒక లాగిన మనిషి ఉన్నారన్నమాట. మునిగినవాడి మీద పాటలు పుట్టాయి. లాగినవాణ్ణి ఎవరు తలుచుకున్నారో!

జపాన్‌లో 'అమా' ఆడవాళ్లు పడవ మీంచి మునిగితే పైన తాడు పట్టుకునేది సాధారణంగా మొగుడే. ఆ తాడుని 'ఇనోచిజునా' అంటారు, ప్రాణం తాడు అని అర్థం. కొరియాలోని జెజు దీవిలో మునిగే 'హెన్యొ'లకి తాడు లేదు. దానికి బదులు ఒకరినొకరు కనిపెట్టుకుని ఉంటారు. తోటి మనిషిని నీటి నేస్తం అని పిలుచుకుంటారు. 2016లో యునెస్కో వాళ్ల సంప్రదాయాన్ని వారసత్వ జాబితాలో చేర్చింది. బడ్డీ అనే ఇంగ్లీషు మాట కన్నా ఈ నీటి నేస్తమే నాకు నచ్చింది.

ఇక టోపీ డైవర్ల కాలం. రాగి శిరస్త్రాణం, సీసపు బూట్లు, పైనుంచి గాలి గొట్టం. వాళ్లకి గొట్టంతో పాటు తాడూ ఉండేది. 1782లో ఇంగ్లండ్‌లో పోర్ట్స్‌మత్ ఎదుట 'రాయల్ జార్జ్' అనే యుద్ధనౌక మునిగింది. ఆ శిథిలాన్ని పేల్చి తొలగించే పని 1839లో కర్నల్ పాస్లీ చేతికి వచ్చింది. తన డైవర్లు జంటలుగా పని చేయాలని ఆయన ఆదేశించాడు. జంట నియమానికి కాగితం మీద దొరికే మొదటి ఆనవాలు ఇదేనంటారు. ఇంజనీరు బుర్ర కదా, ఒక యంత్రానికి ఇంకో యంత్రం స్పేరుగా ఉండాలన్నట్టే ఆలోచించి ఉంటాడు. నాకు ఆయన మీద అభిమానం కలగడానికి కారణం నా ఉద్యోగం కావచ్చు.

తాడు తెగింది 1943లో. జర్మన్ల ఏలుబడిలో ఉన్న ఫ్రాన్స్‌లో పెట్రోలు కరువై కార్లని గ్యాస్‌తో నడిపేవారు. అందుకోసం ఎమిల్ గన్యాన్ అనే ఇంజనీరు ఒక వాల్వు తయారుచేశాడు. అడిగినప్పుడే, అడిగినంతే గ్యాస్ వదిలే వాల్వు అది. నేవీ అధికారి జాక్ కూస్తో వచ్చి, దీన్ని మనిషి ఊపిరికి పనికొచ్చేలా మార్చగలవా అని అడిగాడు. అలా పుట్టింది ఆక్వాలంగ్. ఆ జూన్‌లో బందోల్ దగ్గర కూస్తో మొదటిసారి దాంతో సముద్రంలోకి దిగాడు. గొట్టం లేదు, తాడు లేదు. నీళ్లలో అటువంటి స్వేచ్ఛ అంతకుముందు చేపలకే తెలుసు. ఆ గొప్ప మునక ఒంటరి మునకే. కానీ పూర్తిగా ఒంటరిది కాదు. పైన ఆయన భార్య సిమోన్ నీళ్లలో ముఖం పెట్టి, కిందికి చూస్తూ ఈదుతోంది. ఆమె సైగ చేస్తే దూకడానికి ఒడ్డున మిత్రుడు డ్యూమా సిద్ధంగా ఉన్నాడు. తాడు పోయినా తాడు పట్టేవాళ్లు పోలేదు.

ఈ కథలో నన్ను ఎక్కువ కలవరపెట్టిన మనిషి కూస్తో కాదు, ఆయన జట్టులోని మోరిస్ ఫార్గ్. 1946 ఆగస్టు 27న కూస్తో, డ్యూమా ఫ్రాన్స్‌లోని వోక్లూజ్ అనే ఊట గుహలో దిగారు. ఇద్దరూ జంటగానే, ఒకరికొకరు తాడు కట్టుకునే. లోతుకి వెళ్లేసరికి ఇద్దరి బుర్రలూ మొద్దుబారాయి. తర్వాత తేలిందేమిటంటే, సిలిండర్లు నింపిన కంప్రెసర్ తన పొగని తానే పీల్చుకుని కార్బన్ మోనాక్సైడ్‌ని గాలితో కలిపేసింది. ఒకే కంప్రెసర్ గాలి ఇద్దరి సిలిండర్లలోనూ ఉంది. ఇద్దరికీ ఒకేసారి మత్తెక్కితే ఎవరికి ఎవరు తోడు? నేను కంప్రెసర్ల మనిషిని కాబట్టి ఈ ముక్క దగ్గర చాలాసేపు ఆగిపోయాను. పక్కన ఎవరున్నా తప్పు ఒకచోటినుంచే వస్తే ఇద్దరూ ఒకేసారి పోతారు. ఆ రోజు వాళ్లని బతికించింది పైన గైడు తాడు పట్టుకుని కూర్చున్న ఫార్గ్. ముందు అనుకున్న సంకేతాలేవీ సరిగా రావడం లేదు. ఏదో తేడాగా ఉందని తోచి ఆయన లాగడం మొదలుపెట్టాడు.

ఏడాది తిరిగింది. 1947 సెప్టెంబరు 17న లోతు పరీక్షల్లో ఫార్గ్ వంతు వచ్చింది. తాడు పొడుగునా పలకలు కట్టి ఉంటాయి. ఎంత లోతుకి వెళ్తే ఆ పలక మీద సంతకం చేసి రావాలి. కిందినుంచి ఫార్గ్ తాడు కదిపి క్షేమంగా ఉన్నానని చెబుతూ వెళ్లాడు. తర్వాత తాడు కదల్లేదు. పైకి లాగారు. నోట్లోంచి గొట్టం జారిపోయి వచ్చాడు, బతకలేదు. 120 మీటర్ల దగ్గరి పలక మీద ఆయన సంతకం ఉంది. అంత లోతులో మామూలు గాలిలోని నత్రజనే సారాలా పనిచేస్తుంది. ఆక్వాలంగ్‌తో ప్రాణం పోయిన మొదటి డైవర్ ఆయన. తాడు ఉంది, పట్టుకున్నవాళ్లు అక్షరాలా ప్రాణమిత్రులు. అయినా పోయాడు.

అమెరికాలో బడ్డీ నియమం బడిపాఠంగా మారింది కాలిఫోర్నియాలోని స్క్రిప్స్ సముద్ర పరిశోధన సంస్థలో. అక్కడ కాన్రాడ్ లింబా అనే జీవశాస్త్రవేత్త 1950ల మొదట్లో డైవింగ్ శిక్షణని క్రమపద్ధతిలో పెట్టాడు. ఆ పాఠాలే లాస్ ఏంజెలెస్ కౌంటీ శిక్షణకి, అక్కణ్ణుంచి దేశానికంతటికీ దారి తీశాయి. 1959లో వైఎంసీఏ, 1960లో నౌయీ అనే బోధకుల సంఘం, 1966లో పాడీ అనే సంస్థ ఇలాంటి శిక్షణ మొదలుపెట్టాయి. ఈరోజు రుషికొండలో కుర్రాడు ఒకడు పర్యాటకుడి భుజం తట్టి "బడ్డీని వదలకండి సార్" అంటే ఆ మాట పుట్టినిల్లు కాలిఫోర్నియానే. ఆ లింబా 1960 మార్చి 20న ఫ్రాన్స్‌లో కాసీ దగ్గరి పోర్ మియూ అనే నీటి గుహలో చనిపోయాడు. వెంట వెళ్లినవాళ్లకి దూరమై, తిరుగుదారి దొరక్క, ఒంటరిగా. అప్పటికి ముప్పయ్యయిదేళ్లు. దీనికి నేను వ్యాఖ్యానం రాయను.

నా అనుభవం ఇంత పెద్దది కాదు. 2013లో అండమాన్ వెళ్లాను. పోర్ట్‌బ్లెయిర్‌లో దిగగానే ఆటోస్టాండులో తెలుగు వినబడింది, శ్రీకాకుళం యాసే. హేవ్‌లాక్‌లో, అప్పటికింకా ఆ పేరే, నాకు బడ్డీగా అప్పగించింది బెంగళూరు నుంచి వచ్చిన ఓ కుర్రాణ్ణి. చేతిలో ఖరీదైన కెమెరా. "అంకుల్, మీరు నన్ను ఫాలో అవ్వండి చాలు" అన్నాడు. పదహారు మీటర్ల లోతు. నేను ఒక రాతి సందులో ఆక్టోపస్‌ని చూస్తూ ఆగాను. ఎంతసేపు? నా లెక్కలో అర నిమిషం. తలెత్తితే కుర్రాడు లేడు, గైడు లేడు, మిగతావాళ్లు లేరు. నా బుడగల చప్పుడు మాత్రం ఉంది. ఆ చప్పుడు అంతకుముందెప్పుడూ అంత గట్టిగా వినబడలేదు. గేజ్ చూస్తే 90 బార్. నిమిషం వెతకాలి, దొరక్కపోతే పైకి వెళ్లాలి. నేర్పింది అదే. చుట్టూ తిరిగి నిమిషం వెతికాను. మెల్లిగా లేచాను, ఐదు మీటర్ల దగ్గర మూడు నిమిషాలు ఆగాను, పైకి వచ్చాను. ఏమీ కాలేదు. కుర్రాడు మిగతావాళ్లతో కలిసి పావుగంట తర్వాత వచ్చి "అంకుల్, టర్టిల్ చూశారా?" అన్నాడు. నేను లేనన్న సంగతి అతనికి తెలీదు!

రాత్రి గదిలో పడుకుని లెక్క వేసుకున్నాను. నేను ఒంటరినైంది ఎప్పుడు? తలెత్తి చూసినప్పుడా? కాదు. దిగిన మొదటి నిమిషం నుంచీ ఒంటరినే. ఆ కుర్రాడు ఒక్కసారీ వెనక్కి చూడలేదు. నా గాలి ఆగిపోయి ఉంటే పది మీటర్ల ముందు, కెమెరాలో మునిగిపోయి ఉన్న అతన్ని అందుకునేంత ఊపిరి నా దగ్గర ఉండేది కాదు. డైవర్లలో ఇలాంటి జంటకి ఒక వెటకారం ఉంది: ఒకే రోజు, ఒకే సముద్రం బడ్డీలు.

అప్పట్నుంచీ ఒంటరితనంలో మెట్లు చూడ్డం అలవాటైంది. నలుగురు కొత్తవాళ్లని వెంటేసుకుని దిగిన బోధకుడు చూడటానికి గుంపులో ఉంటాడు. అతనికి ఏదైనా అయితే కాపాడగలిగినవాడు ఆ నలుగురిలో ఒక్కడూ ఉండడు. రోజూ ఒంటరి మునకే అతనిది, జీతం మాత్రం బడ్డీ నియమం నేర్పినందుకు. ఫోటోలు తీసేవాళ్ల జంట ఇంకో మెట్టు. ఇద్దరూ కలిసే ఉండి ఒంటరైనవాళ్లూ ఉన్నారు. 1998 జనవరిలో ఆస్ట్రేలియా గ్రేట్ బారియర్ రీఫ్ దగ్గర ఒక అమెరికన్ దంపతులు ఒకరినొకరు వదలకుండా మునిగి తేలారు. తేలేసరికి పడవ లేదు. తల లెక్క తప్పి వెళ్లిపోయింది. వాళ్లు రాలేదని తెలుసుకోడానికి రెండు రోజులు పట్టింది. వాళ్లు మళ్లీ దొరకలేదు. నీళ్లలో జంట ఉంది, పైన తాడు పట్టేవాడు లేడు.

అన్నీ తెలిసి ఒంటరిగా దిగేవాళ్లు అసలైన పై మెట్టు. ఈ పద్ధతి ఇంగ్లండ్ గుహల్లో బాగా పాతది. అక్కడి నీటి సొరంగాలు ఒక మనిషి పాకేంత ఇరుకు. బురద లేస్తే సొంత చెయ్యి కనబడదు. వెనక బడ్డీ ఉంటే సాయానికి అందడు, దారికి మాత్రం అడ్డమవుతాడు. అందుకని ఆ గుహవాళ్లు ప్రతిదీ రెండేసి పెట్టుకుని ఒక్కొక్కరే వెళ్లడం నేర్చుకున్నారు. 2018లో థాయ్‌లాండ్‌లోని థామ్ లువాంగ్ గుహలో చిక్కుకున్న పన్నెండుమంది పిల్లల్ని, వాళ్ల కోచ్‌ని మొదట కనిపెట్టిన స్టాంటన్, వొలాంథెన్ ఆ బడిలో తయారైనవాళ్లే. మనమంతా టీవీల ముందు కూర్చుని చూశాం. మత్తుమందు ఇచ్చిన ఒక్కో పిల్లాణ్ణి ఒక్కో డైవరు పట్టుకుని నీళ్లు దాటించాడు. ఆ పనికి ముందు, దారిలో సిలిండర్లు పెట్టి తిరిగొస్తూ సమాన్ గునాన్ అనే మాజీ థాయ్ నేవీ డైవరు చనిపోయాడు. ఆయన పక్కన బడ్డీ ఉన్నాడు.

అమెరికాలో ఈ దారికి పెద్ద పేరు షెక్ ఎక్స్‌లీ. ఫ్లోరిడాలో పిల్లలకి లెక్కలు చెప్పే పంతులు. గుహల్లో వెయ్యి మునకలు దాటిన మొదటి మనిషి. గుహల్లో పోయినవాళ్లు ఏ తప్పుల వల్ల పోయారో ఒక్కొక్కటీ విప్పి చూసి 1979లో చిన్న పుస్తకం రాశాడు. ఇప్పటికీ గుహ డైవర్లకి అది పెద్దబాలశిక్ష. అందులో నొక్కిచెప్పిన సూత్రాల్లో మూడో వంతు సూత్రం ఒకటి. మూడో వంతు గాలి వెళ్లడానికి, మూడో వంతు రావడానికి, మిగతా మూడో వంతు ముట్టుకోకూడదు. ఆ ఆఖరి వంతు ఎవరికోసమని? పక్కవాడి గాలి పోతే వాడికోసం. ఒంటరిగా దిగేవాడు దాన్ని తనకోసం దాచుకుంటాడు. తనకి తానే బావమరిది అన్నమాట. 1994 ఏప్రిల్ 6న మెక్సికోలో జకటోన్ అనే చాలా లోతైన గుండంలో ఎక్స్‌లీ, జిమ్ బౌడెన్ చెరో తాడు పట్టుకుని పక్కపక్కనే దిగారు. జంటేనా అంటే జంటే, కానీ ఎవరి దారి వాళ్లది. బౌడెన్ 280 మీటర్లు దాటి ప్రాణాలతో తిరిగొచ్చాడు. ఎక్స్‌లీ రాలేదు. కొన్ని రోజుల తర్వాత సామాన్లు తీద్దామని పైనున్నవాళ్లు తాడు లాగితే దానికి చుట్టుకుని ఆయన శరీరం వచ్చింది. చేతి గేజ్ 276 మీటర్ల దగ్గర ఆగి ఉంది.

బడ్డీ నియమాన్ని దైవవాక్కులా చెప్పుకున్న నలభయ్యేళ్ల తర్వాత, 1991లో రాబర్ట్ వాన్ మయర్ అనే ఆయన ఒంటరి డైవింగ్ మీద బాహాటంగా పుస్తకం రాశాడు. అప్పటిదాకా అది అందరూ చేస్తూ ఎవరూ ఒప్పుకోని పని. 1990ల చివర్లో ఎస్‌డీఐ అనే సంస్థ దానికి కోర్సే పెట్టింది. ఇరవయ్యొక్కేళ్లు నిండాలి, నూరు మునకలు అయి ఉండాలి. 2011లో పాడీ కూడా మొదలుపెట్టింది. కానీ పేరులో 'ఒంటరి' అన్న మాట రాకుండా 'స్వయం ఆధారిత' అని పెట్టుకుంది. పెళ్లిళ్ల పేరయ్యలు వయసు చెప్పకుండా "ఈడొచ్చిన పిల్ల" అన్నట్టుంది.

నూరు దాటాక నేనూ ఆ కోర్సు చేశాను, థాయ్‌లాండ్‌లో. నాకు బాగా నచ్చింది అందులోని గణితం. పైన నిమిషానికి 20 లీటర్ల గాలి పీల్చే మనిషి 30 మీటర్ల లోతులో నాలుగు రెట్లు, అంటే 80 లీటర్లు ఖర్చు పెడతాడు. పెద్ద సిలిండర్ మొరాయిస్తే వాడుకోడానికి పక్కన మూడు లీటర్ల బుల్లి సిలిండర్ కడతారు. 200 బార్‌తో నింపితే అందులో 600 లీటర్లు. నిమిషానికి 9 మీటర్ల చొప్పున లేచి, ఐదు మీటర్ల దగ్గర మూడు నిమిషాలు ఆగి పైకి రావాలంటే సుమారు 260 లీటర్లు చాలు. కంగారులో ఊపిరి రెట్టింపైతే 520. ఇంకా 80 మిగిలింది. అంటే కంగారు అర నిమిషం కదలనివ్వకపోతే ఆ 80 కూడా అక్కడే హరీ. రెండో మాస్కు, రెండో కత్తి, రెండో రెగ్యులేటర్ అన్నీ ఒంటికి తగిలించుకుని అద్దంలో చూసుకుంటే ఒక మనిషిలో ఇద్దరు కనబడ్డారు.

ఒంటికి తగిలించుకోలేనిది మాత్రం ఒకటుంది. వల కాలికి చుట్టుకుంటే కత్తి ఉంది, గాలి పోతే బుల్లి సిలిండర్ ఉంది. స్పృహ తప్పితే? నా వయసు డైవర్లకి నీళ్లలో గుండె మొరాయించడం వింత కాదు. పక్కన మూడు సిలిండర్లున్నా నోట్లో గొట్టం పెట్టే చెయ్యి ఇంకొకరిదే అయి ఉండాలి. కోర్సు బోధకుడు ఈ సంగతి దాచలేదు. కాకపోతే ఒక్క వాక్యంలో చెప్పి ముందుకు వెళ్లిపోయాడు.

ఇంటికొచ్చి సర్టిఫికెట్ చూపిస్తే మా ఆవిడ కళ్లజోడు పెట్టుకుని రెండువైపులా తిప్పి చూసింది. "ఇంతకీ తాడు ఎవరు పట్టుకుంటారు?" అంది. మా ఊరి బావి కథ పెళ్లైన కొత్తలో నేనే చెప్పాను. తాడు ఉండదు, ఇదిగో ఈ చిన్న సిలిండర్ అని చూపించాను. ఒక చేత్తో ఎత్తి చూసి, కింద పెట్టి, ఫోన్ తీసి భీమిలిలో ఉన్న తమ్ముడికి కలిపింది.

మా బావమరిదికి ఈత రాదు, పడవెక్కితే కడుపులో తిప్పుతుంది. అందుకని నేను సముద్రం నెమ్మదిగా ఉన్న నెలల్లో ఒడ్డునుంచే దిగుతాను, పది మీటర్లు దాటను. ఎక్కడ దిగుతున్నానో, ఎటు వెళ్తానో, ఎన్ని గంటలకి తేలతానో ఒక కాగితం మీద రాసి అతని చేతిలో పెడతాను. కింద రెండు ఫోన్ నంబర్లు. ఇసుకలో ప్లాస్టిక్ కుర్చీ, పక్కన టీ ఫ్లాస్కు, తల మీద తువ్వాలు. కిందటి ఫిబ్రవరిలో ఒక సముద్రపు గుర్రాన్ని చూస్తూ నాలుగు నిమిషాలు ఆలస్యంగా తేలాను. ఒడ్డుకి వచ్చేసరికి బావమరిది మోకాలి లోతు నీళ్లలో నిలబడి ఉన్నాడు, పంచె తడిసిపోయింది, ఫోన్ చెవి దగ్గరుంది. అవతల జాలరిపేట కుర్రాళ్లు ఇద్దరు అప్పటికే తెప్పని నీళ్లలోకి తోస్తున్నారు.

"నాలుగు నిమిషాలే కదరా" అన్నాను.

"కాయితం మీద పదీ నలభై అని మీరే రాశారు బావా" అన్నాడు, కాగితం నా ముఖం ముందు ఊపుతూ.